కొంగున ఐదు ముళ్ళు

అరకులోయ,
ఆదివారం మధ్యాహ్నం

నేస్తం,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడున్నర పేజీలు మంచు గురించీ మోకాళ్ళ గురించీ రాసి, చివర్లో ఓ ప్రశ్న పడేశావు చూడు, పది రోజులుగా అది నన్ను కూర్చోనివ్వడం లేదు. ఆదివారాలు నీ దగ్గర తెలుగు నేర్చుకుంటున్న ఓ పిల్ల, 'ఎరాండ్' అంటే తెలుగులో ఏమిటని అడిగిందన్నావు. 'పని' అన్నావట. 'అది వర్క్ కదా అమ్మమ్మా' అందట. 'చిన్న పని' అన్నావట. 'అది స్మాల్ వర్క్ కదా' అందట. బాగా అయింది నీకు! ఇక్కడున్న పదకొండేళ్ళూ ఒక్కో మాటకీ పిల్లల్ని ఇలాగే నిలబెట్టేదానివి.

నేను నిఘంటువు జోలికి పోలేదు. శుక్రవారం కదా, సంతకి పోయాను. సంగతి తర్వాత చెప్తాను. ముందు నీ శిష్యురాలి బాకీ తీర్చాలి.

మనకి ఆ ఒక్క మాట లేదే. మనిషి దేనికోసం గడప దాటిందో దాని వెనక ఓ 'కి' తగిలిస్తే చాలు, ఆ వెళ్ళడానికి పేరు వచ్చేస్తుంది. 'మీ అమ్మేదిరా?' అంటే గుంటడు 'నీళ్ళకెళ్ళింది' అంటాడు. గెడ్డకెళ్ళిందో, బోరింగు దగ్గరికెళ్ళిందో, ఊట దగ్గర కుండ పెట్టుకుని కూర్చుందో వాడు చెప్పడు, మనమూ అడగం. కట్టెలకెళ్ళింది, ఉప్పుకెళ్ళింది, మేకలకెళ్ళాడు, మందుకెళ్ళాడు. మందుకెళ్ళాడంటే ఆసుపత్రికో కల్లుపాకకో ఆ చెప్పే గొంతుని బట్టి తెలుసుకోవాలి, అది వేరే విద్య.

ఈ కొండల్లో ఈ 'కి'తోనే సంవత్సరమంతా లెక్క కట్టొచ్చు. సంక్రాంతి వెళ్ళాక కొండచీపుళ్ళకెళ్తారు. ఆ వెనకే చింతపండుకి. ఎండలు ముదిరితే తెల్లారకముందే ఇప్పపువ్వుకి. వానలు పడ్డాక పుట్టగొడుగులకి, వెదురు కొమ్ములకి. ఏడాది పొడుగునా అడ్డాకుకి. వలిసె పూలు కొండవాలంతా పసుపు చల్లినట్టు పూసే రోజులకి కాఫీపళ్ళు ఎర్రబడతాయి కదా, అప్పుడు మా బడిలో సగం బెంచీలు ఖాళీ. నేను పేరు పిలుస్తాను. పక్కవాడు లేచి 'కాఫీకెళ్ళాడు మేడం' అంటాడు. మీ అమెరికాలో కాఫీకెళ్ళడమంటే ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పుకోవడం. ఇక్కడ కాఫీకెళ్ళడమంటే నడుముకి బుట్ట కట్టుకుని, మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పొద్దుగూకేదాకా వంగి నిలబడ్డం. ఆ గింజే 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది, 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. కోసినవాడికి మాత్రం హాజరుపట్టీలో నేను సున్నా చుట్టాను. మరి ఏం చెయ్యను? సున్నా చుట్టే ఉద్యోగం నాది.

'కి' ఒక్కటే కాదు, అసలు గుట్టంతా క్రియ తోకలో ఉంది. ఆ పిల్లకి ఇది చెప్పి చూడు. ఇచ్చిరా, చెప్పిరా, చూసిరా, కనుక్కునిరా. 'రా' అనకపోతే పంపించినట్టే కాదు. 'పక్కింటికి ఈ గిన్నె ఇచ్చి వెళ్ళు' అన్నామంటే ఆ మనిషి అటునుంచి అటే పోతున్నట్టు. 'ఇచ్చిరా' అంటే మళ్ళీ మన గుమ్మంలోకి రావాలి. తనకోసం అయితే తెచ్చుకో, మనకోసం అయితే తెచ్చిపెట్టు. ఆ 'పెట్టు'లో ఉందే నువ్వు వెతుకుతున్నది. కొనిపెట్టు, రాసిపెట్టు, చదివిపెట్టు, అడిగిపెట్టు. ఎదుటివాళ్ళ పని మన నెత్తిన వేసుకోవడానికి మనవాళ్ళు కొత్త నామవాచకం కనిపెట్టుకోకుండా క్రియకి ఓ చెయ్యి అతికించి ఊరుకున్నారు.

వాళ్ళ తరగతికి పనికొచ్చే తమాషా ఇంకోటి ఉంది. ఊళ్ళోకెళ్ళింది అంటే బజారుకెళ్ళింది. ఊరెళ్ళింది అంటే ఊళ్ళో లేదు. ఊరికే వెళ్ళింది అంటే పనేమీ లేదు. ఊరేగింది అంటే బాజాలు కూడా ఉన్నాయి! ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడి బళ్ళో తెలుగు నేర్చుకునే మా పిల్లలు ఈ నాలుగింటి దగ్గర ఎంత తికమకపడతారో, అమెరికాలో పుట్టిన నీ పిల్లలూ అంతే పడతారని నా పందెం. ఈ విషయంలో ఇద్దరి తెలుగూ ఒకే బెంచీ మీద కూర్చోవచ్చు.

కొండమీద పైకీ కిందికీ కూడా పేచీయే. గుర్తుందా, నువ్వు కొత్తగా వచ్చినప్పుడు హెడ్మాస్టారి కోసం అడిగితే అటెండరు తాపీగా 'కిందికెళ్ళారు' అన్నాడు. నువ్వు మెట్లు దిగి బడి వెనక తోటంతా వెతికి వచ్చావు. ఆయనేమో శృంగవరపుకోటలో ఉన్నాడు. ఇక్కడ కిందికంటే ఘాట్ రోడ్డు దిగడమే. మైదానంలో 'పైకెళ్ళాడు' అంటే దండ వేసి దీపం పెట్టాల్సిందే. 'పైకొచ్చాడు' అంటే నాలుగు డబ్బులు సంపాదించాడని. మా దగ్గర పైకొచ్చాడంటే బస్సు దిగాడని, అంతే. జీతం మీద బతికేవాళ్ళం, వారం వారం పైకొస్తూనే ఉన్నాం.

రైలూ అదే. ఈ కొత్తవలస–కిరండోల్ లైను అరకు మీద ప్రేమతో వెయ్యలేదు కదా. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకి దింపి జపాన్ ఓడలెక్కించడానికి 1960ల్లో కొండలు తొలిచి వేశారు. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషను మీదుగా రాయి దిగుతుంది, ఖాళీ వ్యాగన్లు ఎక్కుతాయి. ఆ మధ్యలో పొద్దున్నే ఒక కిరండోల్ ప్యాసింజరు. 2017లో దానికి అద్దాల పెట్టె కూడా తగిలించారు, అందులో కూర్చునేవాళ్ళు 'అరకు ట్రిప్పు'కి వస్తారు. వెనక పెట్టెల్లో వాళ్ళు మాత్రం ఆసుపత్రికీ, కోర్టుకీ, పెళ్ళి సామానుకీ తిరుగుతుంటారు. రైలొకటే, పట్టాలవే. ముందు పెట్టెకి ట్రిప్పు, వెనక పెట్టెకి పని. మా ఆఫీసర్లకైతే ఈ రెండూ కుదరవు, వాళ్ళు క్యాంపుకే వెళ్తారు.

వెళ్ళేవాళ్ళని 'ఎక్కడికి?' అని అడక్కూడదని మా అమ్మమ్మ గట్టి పట్టింపు. ఆ మాటలోని 'కెక్కెక్కె' పనిని చెడగొడుతుందని ఆవిడ నమ్మకం. 'ఎందాకా?' అనాలి. ఇక్కడ దారిమీద ఎవరెదురైనా అదే అడుగుతారు, ఇంకా హాయి ఏమిటంటే జవాబు కూడా అక్కర్లేదు. 'ఇదిగో ఇక్కడిదాకా' అంటే సరిపోతుంది. ఆ 'ఇక్కడ' గుమ్మం ముందు కావచ్చు, రెండు గెడ్డలు దాటిన ఊరు కావచ్చు. ఒకసారి నేనూ 'ఇక్కడే' అన్న మాట నమ్మి ఓ పిల్లాడి ఇంటికి బయల్దేరాను. చెప్పుల్లో రాళ్ళు ఏరుకుంటూ చేరేసరికి వాళ్ళమ్మ పొయ్యిమీద రాత్రి అంబలి కాస్తోంది. తిరిగి పంపలేదు, అక్కడే పడుకున్నాను. ఈ కొండల్లో దూరం మనసులోనే ఉంటుందని కవిత్వం చెప్పను గానీ, వాళ్ళ కాళ్ళకి అది నిజంగానే 'ఇక్కడే'.

ఇక సంత సంగతి.

మా వంటామె నీకు తెలుసు, నువ్వు అప్పా అప్పా అని వెంట తిరిగేదానివే. ఇప్పుడు కాస్త వంగిపోయింది గానీ నోరు అలాగే ఉంది. మొన్న శుక్రవారం నాకు తోడొస్తానంది. పొద్దున్న ఎనిమిదింటికి రోడ్డు మీద నిలబడ్డాం. ఆమె భుజాన గోనెసంచిలో రాజ్‌మా గింజలు, చేతిలో అడ్డాకు కట్ట. ఆటో వచ్చేలోగా వాళ్ళ ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఏదో చెప్పడం, ఆమె కొంగు చివర ఓ ముడి వెయ్యడం. అప్పకి చదువు రాదు కదా. జ్ఞాపకమంతా ఆ కొంగులోనే.

దగ్గర్నుంచి చూస్తే అవన్నీ ఒకలాంటి ముళ్ళు కావే. ఒక మనిషి నెత్తళ్ళకి డబ్బిచ్చింది. నోటుని నాలుగు మడతలు పెట్టి, కొంగుతో చుట్టి, ముడిని పళ్ళతో లాగి బిగించింది. అది రేగిపండంత ముడి. ఇంకొకామె దగ్గుమందుకి చిల్లరిచ్చింది, అది నడుస్తుంటే గలగలమంటుంది. మూడోది గాజులకి, వాళ్ళ గుంటకి ఈడు పండగ, ఆ ముడిలో నోటుతోపాటు కొలతకి పగిలిన గాజుముక్క కూడా పెట్టింది. నాలుగోది ముసలమ్మది. బ్యాంకులో డబ్బులు పడ్డాయో లేదో కనుక్కునిరమ్మంది, పుస్తకం సంచిలో పెట్టింది, ముడి మాత్రం వేలిగోరంత. డబ్బు కట్టిన ముడి లావు, మాట కట్టిన ముడి సన్నం. అంతకుముందే బడిలోనే పడ్డది ఇంకో సన్న ముడి ఉంది. మొత్తం ఐదు.

సంతలో అడుగుపెట్టగానే తన పని ముందు చూసుకోలేదు. గింజల సంచి నా దగ్గర పడేసి, కొంగు చివర పట్టుకుని, జపమాల తిప్పినట్టు వేళ్ళతో ముళ్ళు తడుముకుంటూ వెళ్ళింది. కావిళ్ళ మధ్య నుంచి, ఎండుచేపల గంపల మధ్య నుంచి, కత్తులు పదును పెట్టే చక్రం పక్క నుంచి. ఒక్కో పని అవగానే ఆ ముడి అక్కడికక్కడే విప్పేస్తుంది, ఆ చోట చీర నలిగిపోయి పువ్వులా విచ్చుకుని ఉంటుంది. నేను గింజల పక్కన కూర్చుని బేరాలు పోగొడుతున్నాను. సంతని మా పిల్లల ఇళ్ళలో హాటొ అంటారు. అక్కడ ఏ మూల విన్నా తెలుగు, ఆదివాసీ ఒడియా, కువి ఒకదానిమీద ఒకటి పడి దొర్లుతుంటాయి. సోలతో కొలిచేటప్పుడు మాత్రం అందరూ ఒకే భాషలో తిట్టుకుంటారు.

మధ్యాహ్నానికి నాలుగు ముళ్ళు విప్పింది. ఐదోది దగ్గరికొచ్చి ఆగిపోయింది. 'ఇదెవలిదే?' అంది తనలో తను. తడిమింది, లోపల ఏమీ తగల్లేదు. ఉత్త ముడి. సంత చుట్టూ మళ్ళీ ఓసారి తిరిగింది, ఏ కొట్టు చూస్తేనన్నా గుర్తొస్తుందేమోనని. సబ్బులా? కాదు. ఉప్పా? కాదు. నేనూ తల గోక్కున్నాను. చివరికి ఆ ముడి అలాగే ఉంచుకుని ఆటో ఎక్కింది. విప్పితే మాట పోతుందట.

అప్ప తరంవాళ్ళు సంతకెళ్తారు, డిపోకెళ్తారు. గిరిజన సహకార సంస్థ (జి.సి.సి.) వాళ్ళ డిపో 1956 నుంచీ ఉన్నదే, తేనె, కుంకుళ్ళు, నల్లజీడి పిక్కలు ఇచ్చి ఉప్పూ బియ్యం తెచ్చుకోవడం వాళ్ళకి అలవాటు. 2021లో ఇంటింటికీ బియ్యం బళ్ళొచ్చాయి కదా, మా వైపు కొన్ని ఊళ్ళకి ఆ బండి తారు అయిపోయిన చోట ఆగేది, అప్పుడు వీళ్ళు 'బండికెళ్ళాం' అన్నారు. 2025 జూన్ నుంచి బళ్ళు పోయి మళ్ళీ డిపోకొచ్చారు. ఇప్పటి కుర్రాళ్ళ 'కి'లు వేరు. వేలిముద్రకెళ్ళింది, ఆధార్‌కెళ్ళాడు. అన్నింటికంటే నాకు నచ్చింది 'సిగ్నల్‌కెళ్ళాడు'. ఊరికి పైన ఓ బండ ఉంటుంది, ఆ బండ ఎక్కితే రెండు గీతలొస్తాయి. సాయంత్రం మేకల్ని తోలేసి ఒక్కొక్కరే బండెక్కి, చెయ్యి పైకెత్తి నిలబడతారు. కింద నుంచి చూస్తే ఏదో దేవుడికి మొక్కుతున్నట్టుంటుంది. కొత్త వస్తువు ఏదొచ్చినా వీళ్ళు దాని పేరు కోసం ఒక్కపూట కూడా ఆలోచించరు. 'కి' తగిలించి బయల్దేరిపోతారు.

సరదాగా రాసుకుంటూ పోతున్నాను గానీ, ఇంకొకరి పనిమీద తిరగడానికి ఈ కొండల్లో చేదు పేరు కూడా ఉంది. వెట్టి. దొరలు క్యాంపుకొస్తే వాళ్ళ పెట్టెలూ మంచాలూ ఊరూరా అంచెలుగా మోసింది కొండవాళ్ళే. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు అడవిలో రోడ్డు వేసినప్పుడు గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ అరకొర కూలిచ్చి చేయించిన చాకిరీ, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెంట జనం కదలడానికున్న కారణాల్లో ఒకటి. చింతపల్లి పోలీసుస్టేషను మీద పడ్డది ఆ నెల 22న. నూరేళ్ళ తర్వాత, 2022 ఏప్రిల్‌లో, పాడేరు కేంద్రంగా మా జిల్లాకి ఆయన పేరే పెట్టారు. 'చేసిపెట్టు'లోని 'పెట్టు' ఎదుటివాడి నోట్లోంచి కాకుండా పైవాడి నోట్లోంచి వస్తే అది వెట్టే.

ఊళ్ళో కూడా ఈ తిరుగుడంతా ఒకడి నెత్తినే ఉండేది. నాయుడు పెద్దరికం చేస్తాడు, దిశారి ముహూర్తం పెడతాడు, పూజారి కోడిని కోస్తాడు. ఆ ముగ్గురి మాటా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు బారికి. పక్కూరికి కబురు, చావు కబురు, పంచాయితీకి పిలుపు అన్నీ అతని కాళ్ళమీదే. నీ శిష్యురాలు మాట అడిగింది కదా, కొండ ఊళ్ళు ఆ పనికి పేరు పెట్టలేదు, మనిషికి పెట్టాయి. అందులోనూ ఎవరు కూర్చుంటారు, ఎవరు తిరుగుతారు అన్నది పుట్టుకతోనే తేలిపోయేది. ఇది ఆ పిల్లకి ఇప్పుడే చెప్పకు. ఇంకాస్త పెద్దయ్యాక చెప్పు.

పిలవకపోయినా వచ్చే ప్రయాణం ఒకటుంది, నీకూ గుర్తుండే ఉంటుంది. నిండు చూలాలిని దుప్పట్లో పడుకోబెట్టి, దుంగకి కట్టి, ఇద్దరు మోసుకుంటూ రోడ్డుదాకా. డోలీ. నూటెనిమిది బండి రోడ్డు మీద కాచుకుని ఉంటుంది, దానిదాకానే అసలు దూరం. అప్పుడు మాత్రం ఎవరూ 'ఆసుపత్రికెళ్ళింది' అనరు. 'తీసుకెళ్ళారు' అంటారు. నీ ట్రంకుపెట్టెలో పాత దుప్పట్లన్నీ ఎందుకు మాయమయ్యేవో హాస్టల్లో చాలామందికి అర్థమయ్యేది కాదు.

చైత్రంలో ఇటుకల పండగ మొదలవుతుంది. ఈసారీ మగవాళ్ళంతా వేటకెళ్తారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు పెట్టి, వచ్చేపోయే బళ్ళని ఆపి డబ్బులు వసూలు చేస్తారు. ఓ ఏడు మనమెక్కిన బస్సునే ఆరుచోట్ల ఆపారు, కండక్టరు కంటే వీళ్ళే ఎక్కువ టికెట్లు కొట్టారని నువ్వు గొణిగావు. ఉత్తచేతుల్తో తిరిగొచ్చిన వేటగాళ్ళకి పేడనీళ్ళ సన్మానం ఉండనే ఉంది. మైదానంలో మనం షికారు అంటామే, ఆ మాట కూడా వేటనుంచి వచ్చిందే. మనకి తుపాకీ జారిపోయి చల్లగాలి మిగిలింది.

గిడుగు రామమూర్తిగారి గురించి మనం వాదించుకునేవాళ్ళం, ఆయన పర్లాకిమిడినుంచి సవరల కొండలకి అన్నిసార్లు ఎందుకు నడిచాడని. జ్వరాలొచ్చి, క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నాడంటారు. సవర మాటలకి నిఘంటువు కట్టాడు, వ్యాకరణం రాశాడు. నువ్వేమో అది భాషాసేవ అనేదానివి. శుక్రవారం సంతలో గింజల పక్కన కూర్చున్నప్పుడు నాకు అనిపించింది, పర్లాకిమిడిలో ఎవరైనా వాళ్ళింటికొచ్చి పంతులుగారేరీ అని అడిగి ఉంటే ఇంట్లోవాళ్ళు 'మాటలకెళ్ళారు' అని ఉంటారు.

ఇదిగో, ఈ వాక్యం రాస్తుండగానే అప్ప గదిలోకొచ్చింది. నెయ్యి ఉందా అని. ఆమె కన్ను కాగితాల మీద పడింది. 'ఎవలికమ్మా అంత ఉత్తరం?' నీకని చెప్పాను. ఒక్క నిమిషం అలాగే నిలబడి, గబుక్కున కొంగు వెతుక్కుంది. ఆ ఐదో ముడి ఇంకా ఉంది. నుదురు కొట్టుకుంది. 'ఓలమ్మో! కవరు!'

ఐదోది నాదేనే. శుక్రవారం పొద్దున్న వంటింటి గుమ్మంలో నిలబడి నేనే చెప్పాను, అమెరికాకి సరిపడా స్టాంపులూ కవరూ పోస్టాఫీసులో కొనిపెట్టమని. తర్వాత ఆమెతోపాటే ఆటో ఎక్కానన్న సంగతీ, నా కాళ్ళతో నేనే కొనుక్కోవచ్చన్న సంగతీ నాకూ తట్టలేదు. ఇద్దరం నవ్వుకున్నాం గానీ, ఆమె తప్పు ఒప్పుకోలేదు. 'నువ్వు డబ్బియ్యలేదు కదమ్మా. ఉత్తముడి ఎలా గుర్తుంటాది?' అంది. నిజమే కదా.

మంగళవారం సైన్సు మాస్టారు కిందికెళ్తున్నారు. ఆయన కొంగు కట్టరు కాబట్టి రుమాలుకి వెయ్యాలి. ఈసారి నోటు కూడా పెడతాను. నెయ్యి లేదని చెప్పి అప్పని పంపించాను, సీసాలో అడుగున కాస్త మిగిలింది, అది నాకే చాలదు.

ఇట్లు,
నీ నేస్తం